ఇటూ అటూ ఎంత?

చేవెళ్ళలో సమాధి రాళ్ళు చెక్కే మేస్త్రి పొద్దున్నే ఫోన్ చేశాడు. నేనప్పుడు అజీజ్‌నగర్ రోడ్డు పక్క నా నర్సరీలో ఉన్నాను. కొత్తగా ఫామ్‌హౌస్ కొన్న ఒక పెద్దమనిషికి జామ మొక్క అమ్ముతున్నాను. దీని తల్లి చెట్టు నవాబుగారి సొంత తోటలోదనీ, దాని కాయ ఒక్కటి తిన్న గుర్రం ఆపకుండా గోలకొండ దాకా పరిగెత్తిందనీ చెప్పేశాను. గుర్రం తిరిగొచ్చిందని కూడా కలుపుదామా అని ఆలోచిస్తున్నాను.

“అన్నా, ముడిమ్యాల అక్క నిన్ను అడగమన్నది. చుక్కల మేడం రాయి ఉన్నది కద, ‘ఆకాశంలో ఈమె పేరున’ అన్నకాడికి చెక్కిన. ఇగ దాని పేరు చెప్పు.”

“దేని పేరు?”

“గదేనన్నా, గెలాక్సీ. మేడం పేరు పెట్టిన్రట కద. ఉత్త పేరేనా, ఎనుకకు నంబర్ గిట్ల ఉన్నదా? నువ్వే చెప్పినవట. ఆదివారం రాయి నిలబెడుతున్నరు, జర జల్ది చెప్పు.”

మళ్ళీ చేస్తానని పెట్టేశాను. జామ మొక్క చేతిలోనే ఉంది. పెద్దమనిషి గుర్రం సంగతి ఏమైందన్నట్టు నా మొహంలోకి చూశాడు. “సార్, ఇది కడియం నుంచి లారీలో వచ్చిన మామూలు జామ” అన్నాను. ఆయన నన్ను కింది నుంచి మీదికి చూసి, ఏమీ కొనకుండా కారెక్కాడు. ఈ దుకాణంలో నేను నిజం చెప్పి పోగొట్టుకున్న మొదటి బేరం అదే.

నేను కథలు చెప్పి బతికేవాణ్ణి. నర్సరీలో మొక్కలతో కలిపి చెబుతాను, మెహిదీపట్నం బస్సులో ఊరికే చెబుతాను, మిగిలినవి పుస్తకాల్లో రాస్తాను. నోటి మాట గాలికి పోతుంది. పుస్తకం ఇంకో ఏడాదికి పొట్లం అవుతుంది. నా అబద్ధం ఏదీ ఇంతవరకు రాతి మీదికి ఎక్కలేదు. ఎక్కడం మొదలుపెట్టింది కూడా ఎవరి రాతి మీదికి? నేను ఏం చెప్పినా నవ్వుతూ ఒక్క ప్రశ్న అడిగి ఆ కథను కుదించేసిన మనిషి రాతి మీదికి.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో నేను చేసిన నిర్వాకం చాలు. ఊళ్ళో చుక్కల మేడం అనేవారు. నాకంటే చిన్నది కాబట్టి నేను చెల్లె అనేవాణ్ణి. ఒకే ఊరు మాది, ఒకే చర్చి. ఆమె ఆదివారం బడిలో ముందు వరసలో కూర్చునేది, నేను గోడ దూకి పోయేవాణ్ణి.

బెంగళూరులో ఆమె ఉద్యోగం. చేసే పని, అతినీలలోహిత కాంతిలో గెలాక్సీలను చూడటం, అవి ఎట్లా పుట్టి ఎట్లా ముసలివవుతాయో తెలుసుకోవడం. కోతల పండుగకో, అక్కను చూడబుద్ధయినప్పుడో వచ్చేది. మెహిదీపట్నం బస్సు నా నర్సరీ ముందు దిగి, చేవెళ్ళ బస్సు వచ్చేదాకా నా దగ్గర చాయ్ తాగేది. చేతిలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు. చలికాలం ఎండకు కూడా విప్పేది.

“అల్ట్రావయొలెట్ మీద నౌకరి చేసుకుంట, అల్ట్రావయొలెట్‌కే గొడుగు పడ్తవేంది చెల్లె?” అనేవాణ్ణి.

“పాముల మీద సదువుకున్నోడు పామును పక్కల పండవెట్టుకుంటడా అన్నా?” అనేది.

చాయ్ సాసర్లో పోసుకుని, ఊదకుండా, ఆరేదాకా చూస్తూ కూర్చునేది. ఊదితే ఎంతసేపట్లో ఆరిందో తెలియదట. నేను ఆ సమయాన్ని వృథా పోనిచ్చేవాణ్ణి కాదు. ఒకసారి గండిపేటలో మా మామ పట్టిన చేప గురించి చెప్పాను. దాన్ని బస్సులో తెస్తుంటే కండక్టర్ టికెట్ కొట్టాడనీ, తోక కిటికీ బయటికి పెట్టాల్సి వచ్చిందనీ. అంతా శ్రద్ధగా విని, కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టి అడిగింది.

“చేప ఎంతున్నది?”

“ఇరవై కిలోలు.”

“ఇటూ అటూ ఎంత?”

“అంటే?”

“మా పనిల ఏ లెక్క చెప్పినా, అది ఇటు ఎంత తప్పొచ్చు, అటు ఎంత తప్పొచ్చు అని పక్కన రాయాలె. అది రాయకుంటే లెక్కనే కాదు, ఉత్త ధీమా. నీ చేప ఇరవై. ఇటూ అటూ ఎంత?”

ఎందుకో ఆమె ముందు నిలబడలేకపోయాను. “పద్దెనిమిది” అన్నాను. రెండు కిలోల చేపను ఆమె ఎంతో మర్యాదగా ఒప్పుకుంది. “రెండు కిలోలు గూడ మంచి చేపనే అన్నా” అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

అప్పటినుంచి అదే మా ఆట. ఎంత పెద్ద కథ చెప్పినా చివర ఆ ప్రశ్న వచ్చేది. నేను బేరం తగ్గించినట్టు కొంచెం కొంచెం తగ్గించేవాణ్ణి. తన పని గురించి ఎవరేమడిగినా ముందు ఆమె నోటి నుంచి వచ్చే మాట, “ఇంకా తెల్వదు.” మనం ఆ మాటను తల దించుకుని అంటాం. ఆమె కొత్త బట్టలు చూపిస్తున్నట్టు అనేది.

ఆమె అక్క నాకంటే పెద్దది. ముడిమ్యాలలో అర ఎకరం పాలీహౌస్‌లో, ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డులో, డచ్ గులాబీలు పండిస్తుంది. చిన్నప్పుడే తల్లి పోతే చెల్లెను పెంచింది ఆమే. ఒకసారి నేను గులాబీ అంట్లు కొనడానికి వెళితే అక్కాచెల్లెళ్ళిద్దరూ షెడ్డు లోపల ఉన్నారు. అక్క కోపంగా ఉంది. పువ్వుల రేకులు అంచుల్లో నల్లబడుతున్నాయి, మార్కెట్‌లో ఎవడూ ముట్టడం లేదు.

“మందు కొట్టిన, ఎరువు మార్చిన. ఇగ దిష్టి తియ్యాలె” అంది అక్క.

“షీటు పాతగయిందక్కా” అంది చెల్లె. “కొత్త షీటు అల్ట్రావయొలెట్‌ను ఆపుతది. పాతగయితే ఆపది. అది లోపటికొచ్చి ఎర్ర రేకులను కాలుస్తున్నది.”

అంతలో ఎట్లా దూరిందో ఒక తేనెటీగ, తల ఎత్తి షీటుకేసి కొట్టుకుంటోంది. చిరిగినచోట కొత్తగా వేసిన ముక్క దగ్గర ఒకటే గిరికీలు. చెల్లె దాన్ని చూస్తూ నిలబడిపోయింది.

“పాపం దానికి అల్ట్రావయొలెట్ కనబడుతది అన్నా. మనకు కనబడది. ఆ వెలుగుతోనే తొవ్వ పడతది. కొత్త షీటు కింద దానికి సగం గుడ్డితనం.” షీటు వైపు వేలు చూపించి అంది: “మనం గూడ అంతే. మన గాలి మనకు షీటు. ఆకాశం నుంచొచ్చే అల్ట్రావయొలెట్‌ను శానావరకు మీదనే ఆపుతది. మంచిదే, లేకుంటే అక్క గులాబీల లెక్క మనం గూడ నల్లబడుతం. కాని చూడాలంటే మాత్రం షీటు అవతలికి పోవాలె. అందుకే దుర్భిణిని ఉపగ్రహంల పెట్టి పంపిన్రు.”

“పంపి ఏం చూస్తరు?”

“తొట్టెలలు.”

అక్క కత్తెర ఆపింది. చెల్లె వివరించింది. మామూలు వెలుతురులో గెలాక్సీని ఫొటో తీస్తే ఊరంతా పడుతుంది, ముసలీ ముతకా పిల్లా జెల్లా. అల్ట్రావయొలెట్‌లో తీస్తే ఎక్కువగా పడేవి ఈ మధ్య పుట్టిన నక్షత్రాలు, బాగా వేడిగా నీలంగా మండేవి. ఏ ఊళ్ళో తొట్టెలలు ఊగుతున్నాయో, ఏ ఊళ్ళో ఆగిపోయాయో తెలుస్తుంది. గెలాక్సీలో వాయువులూ ధూళీ ఉన్నంతకాలం నక్షత్రాలు పుడుతుంటాయి. అయిపోయాక ఉన్నవే ముసలివై ఎర్రబడతాయి, ఊరు మెల్లగా సద్దుమణుగుతుంది.

“ఎందుకు ఆగిపోతయి?” అంది అక్క.

“ఇంకా తెల్వదక్కా. కొన్ని తెలుసు, కొన్ని తెల్వదు.”

“వాటికి పేర్లు ఉంటయా?” అన్నాను.

“ఏవో కొన్నిటికి. మిగిలినయి నంబర్లే. అదే మంచిదన్నా. పేరు పెడితే మనదనిపిస్తది. మనదనిపిస్తే మంచిగనే చెప్పబుద్ధయితది.”

ఈ మాట నేను విన్నాను. విననట్టు రాస్తే బాగుండేది.

మర్నాటికే మొయినాబాద్ చాయ్ హోటల్లో నా కథ తయారు. మా ఊరి పిల్ల దగ్గర ఆకాశం నుంచి తొట్టెలలు లెక్కపెట్టే కెమెరా ఉందని. వారం తిరగకముందే ఒక అవ్వ కోడలిని వెంటబెట్టుకుని అక్క ఇంటికి పోయింది.

“బిడ్డా, మా కోడలికి ఎప్పుడు కడుపు పండుతదో నీ కెమెరాల చూడు.”

ఇంకెవరైనా నవ్వేవారు, లేదా కసిరేవారు. చెల్లె ఆ కోడలికి కుర్చీ వేసి, “తెల్వదవ్వా” అంది. “నాకు కనబడేటియి శానా దూరం. ఆడ ఎన్నడో పుట్టినయి, వెలుతురు ఇప్పుడొచ్చింది. ఈడ పుట్టేటియి నాకు కనబడవు. దవాఖానకు తీస్కపో. కోడలినొక్కదాన్నే కాదు, కొడుకును గూడ.”

తర్వాత బస్సు కోసం నా దగ్గర కూర్చున్నప్పుడు కోపం లేకుండానే అడిగింది. “నువ్వు అబద్ధం చెప్పలే అన్నా, జర ముందుకు జరిపినవ్. జరిపినదాన్ని మళ్ళ ఎనుకకు జరిపేటోడు ఎవడు?”

“కథ కద చెల్లె, దాన్ని ఎవడు జరుపుతడు?”

“గదే అడుగుతున్న” అంది. సాసర్లో చాయ్ ఆరింది.

కొన్నాళ్ళకు ఆమెకు ఒక గొప్ప సంగతి దొరికింది. గుడ్డు ఆకారంలో ఉన్న ఒక ముసలి గెలాక్సీ. దానిలో నక్షత్రాలు పుట్టడం ఎప్పుడో ఆగిపోయిందని అందరూ అనుకునేదే. ఆమె తీసిన అల్ట్రావయొలెట్ చిత్రంలో అది మెరిసింది. అక్కడ మళ్ళీ పుట్టుకలు మొదలయ్యాయని ఆమె, ఆమెతో పనిచేసేవాళ్ళు కలిసి సైన్సు పత్రికకు రాశారు. అక్క ఆనందం పట్టలేకపోయింది. మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. జ్వరం తగ్గినవాళ్ళు, బోరులో నీళ్ళు పడ్డవాళ్ళు, కొడుక్కి నౌకరీ వచ్చినవాళ్ళు లేచి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటారు. ఒక్కో మాటకు అందరూ “స్తోత్రం” అంటారు. ఆ ఆదివారం అక్క లేచి, “సచ్చిపోయిందనుకున్న ఊర్ల మా చెల్లె తొట్టెల సూసింది” అని ఏడ్చింది. చెల్లెను కూడా లేపింది. ఆమె రెండు ముక్కలు చెప్పి కూర్చుంది. ముసలితనంలో కడుపు పండిన తల్లి గురించి పాస్టర్ గారు చాలాసేపు ప్రసంగించారు. బయట అక్క అందరికీ లడ్డూలు పంచింది. నేను నాలుగు తిన్నాను. ఇటూ అటూ రెండు.

కోతల పండుగ వెళ్ళాక ఒక ఆదివారం చెల్లె ఎవరికీ చెప్పకుండా వచ్చింది. నేను వెనక బల్ల మీద కునికిపాట్లు పడుతున్నాను. సాక్ష్యాలు మొదలయ్యాయి. ఎవరిదో గేదె తప్పిపోయి దొరికిందట, స్తోత్రం. తర్వాత ఆమె లేచింది. గొడుగు చేతిలోనే ఉంది, కింద పెట్టడం మరిచిపోయినట్టుంది.

“పోయినసారి ఈడ నిలబడి నేను చెప్పింది తప్పు” అంది.

“స్తోత్రం” అన్నారు అందరూ, అలవాటుగా.

ఆమె ఆగలేదు. “ఆడ కొత్త నక్షత్రాలు పుడుతలేవు. ఆ వెలుగు ముసలి నక్షత్రాలది. కొన్ని నక్షత్రాలకు ఆఖరికి పైపొర ఊడిపోయి లోపటి వేడి బయటపడుతది. దూరం నుంచి చూస్తే అవి గూడ పసిపిల్లల లెక్కనే మెరుస్తయి. పుట్టుకలు అయితే వెలుగు అక్కడక్కడ గుంపులు గుంపులుగ ఉండాలె. ఇది ఊరంత సమంగ పరుచుకున్నది. ఆ తేడా నాకు ముందు నుంచి తెలుసు. తెలిసి గూడ, పుట్టినయైతే బాగుండునని చూసిన. పత్రికకు గూడ రాసినం, మా మాట ఎనుకకు తీసుకుంటున్నమని.”

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. ఇచ్చిన సాక్ష్యాన్ని వాపసు తీసుకోవడం మా చర్చి పుట్టాక ఎవరూ చూడలేదు. పాస్టర్ గారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు, అది కూడా ఒక శ్రుతి ఎక్కువగా.

బయట చింతచెట్టు కింద అక్క ఆమెను పట్టుకుంది.

“మా ఇజ్జత్ తీసినవ్. లడ్డూలు పంచిన గదనే. నిన్ను ఎవలడిగిన్రు? గెలాక్సీ అంటే ఈడ ఎవనికి ఎరుక?”

“ఈడ చెప్పిన కదక్కా. యాడ చెప్పినమో ఆడనే దిద్దుకోవాలె.”

“బెంగుళూర్ల దిద్దుకున్నవు గద, సాలదా?”

“బెంగుళూర్ల చెప్పింది బెంగుళూర్ల. ఈడ చెప్పింది ఈడ.”

అక్క చాలా రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆ సాయంత్రం బస్సు కోసం నా దగ్గర కూర్చున్నప్పుడు చెల్లె మొహం ఇంకా ఎర్రగానే ఉంది.

“ఎట్లనిపించింది చెల్లె?”

“సిగ్గయింది అన్నా. గొడుగు ఇడిస్తే చేతులు వణికేటియి.”

“మరి ఎందుకే?”

“చెప్పినంక సిగ్గు ఎంతనో తెలిసింది. చెప్పకపోతే అది ఎంతనో ఎన్నటికీ తెల్వకపోతుండె” అంది. తెలుసుకోవడమే పెద్ద లాభమన్నట్టు. ఆ రోజు నేను ఆమెకు కథేమీ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచి, చాయ్ తాగేశాను.

పోయిన ఎండాకాలం ఆమెకు జ్వరమన్నారు, బెంగళూరులోనే దవాఖానలో చేర్చారన్నారు. తిరిగొచ్చింది పెట్టెలోనే. నమ్మడానికి నాకు టైము పట్టింది. అబద్ధాలు చెప్పేవాడికి చావు కబురు కూడా ఎవరో జరిపి చెప్పినట్టే అనిపిస్తుంది.

చావు ఇంటివాళ్ళను ఓదార్చడానికి మా చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక ఒక సాయంత్రం అక్క ఇంట్లో జరిగింది. ప్రార్థన అయ్యాక అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. అక్క మాత్రం గోడకు ఆనుకుని ఉంది, చెల్లె పోయినప్పటినుంచి సరిగా తిండి లేదు. వాళ్ళ చిన్నాయన ఒకడున్నాడు, అన్నం కలుపుకుంటూ మాట్లాడే మనిషి.

“లగ్గం లేదు, పిల్లలు లేరు” అన్నాడాయన. “బతుకంత ఆకాశం సూసింది. సూసింది గూడ తప్పని ఆమెనే చెప్పుకున్నది. ఏం మిగిలింది చెప్పున్రి?”

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అదిగో, అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఏం మిగిలిందంటవేంది చిన్నాయనా? ఆకాశంల ఒక గెలాక్సీకి మా చెల్లె పేరు పెట్టిన్రు. నీకు తెల్వదా?”

చిన్నాయన చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. అక్క తల తిప్పింది.

“నిజమా తమ్మీ?”

అక్కడ ఆగి ఉండొచ్చు. “నిజమక్కా. బెంగుళూరుకు కాయిదం గూడ వచ్చింది” అన్నాను. “యాడుంటది?” అంది. బయటికి తీసుకెళ్ళి, వాళ్ళ ఇంటి ముందున్న చింతచెట్టు మీదుగా అప్పుడే వెలుగుతున్న ఒక పెద్ద చుక్కను చూపించాను. అక్క దాన్ని చాలాసేపు చూసింది. లోపలికొచ్చి అన్నం పెట్టించుకుని తిన్నది. ఆ రోజు నేను ఇంటికి గర్వంగా వెళ్ళాను. ఇది రాస్తుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి. ఆ గర్వం చిన్నదేమీ కాదు. బతికున్నన్నాళ్ళూ ఆమె ఊడబెరికిన నా కథల తోకలన్నీ, ఆమె పోయాక ఆమెకే తగిలించి వచ్చాను.

మేస్త్రి ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నం నర్సరీ మూసి ముడిమ్యాల పోయాను. దారి పొడుగునా ఒక గెలాక్సీ నంబరు నోట్లో ఊరుతూనే ఉంది. ఏదో ఒక నంబరు చెప్పేస్తే ఎవడు చూడొస్తాడు? నిజంగానే రెండుసార్లు ఫోన్ తీశాను. రెండోసారి పాలీహౌస్ గేటు దగ్గర. కొత్త షీటు మీద ఎండ పడి కళ్ళు చెదిరాయి. ఫోన్ జేబులో పెట్టేశాను.

అక్క పువ్వులు కోస్తోంది. “మేస్త్రికి పేరు చెప్పినవా?” అంది, తలెత్తకుండా.

“అక్కా, ఆ గెలాక్సీ లేదు.”

“యాడికి పోయింది?”

“యాడికీ పోలే. నేను చెప్పింది అబద్ధం. ఎవరూ పేరు పెట్టలే. కాయిదం రాలే. చిన్నాయన మాటకు నాకు కోపమొచ్చి అన్న.”

కత్తెర తప్పు చోట పడింది. ఒక గులాబీ కాడ జానెడు కూడా లేకుండా తెగింది. ఆ పొడుగుకు దాన్ని ఎవడూ కొనడు. ఆమె దాన్ని చేతిలో తిప్పుతూ నిలబడింది.

“ఇటూ అటూ ఎంత?” అంది.

ఆ మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. చెల్లె ఇంట్లో కూడా అడిగేదన్నమాట.

“మొత్తం అక్కా. నిజం ఏం లేదు దాంట్ల.”

“మరి నేను రోజు పొద్దుమీకి డాబా ఎక్కి చూసేది ఏంది? చింతచెట్టు మీద?”

“శుక్రుడు.”

అక్క చేతిలోని గులాబీ కింద పడేసి, పక్కన బోర్లించి ఉన్న బకెట్ మీద కూర్చుంది. “దానితోని మాట్లాడిన గదరా” అంది. “రోజు మాట్లాడిన. చర్చికాడ అందరి ముంగట నిన్ను తిట్టిన, మాఫ్ చెయ్యి బిడ్డా అని.”

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. నేలమీది గులాబీని ఏరి బకెట్ పక్కన పెట్టడం తప్ప నాకేమీ తోచలేదు.

చివరికి అక్క లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. “బండి తీయ్” అంది.

చేవెళ్ళలో మేస్త్రి దుకాణం ముందు రాయి గోడకు ఆనించి ఉంది. నల్ల గ్రానైటు. పైన ఆమె పేరు, సిలువ. దాని కింద ‘ఆకాశంలో ఈమె పేరున’. తర్వాత నున్నగా ఖాళీ.

“చెప్పన్నా, పేరేంది?” అన్నాడు మేస్త్రి, ఉలి అందుకుంటూ.

“చెక్కింది తియ్యొస్తదా?” అంది అక్క.

“తీయాలంటే మొత్తం రుద్దాలె అక్కా. పైన మేడం పేరు గూడ పోతది. ఆదివారానికి మళ్ళ కాదు. ఏమన్న తప్పు పడ్డదా?”

అక్క రాయి మీద చెయ్యి పెట్టి, గుంటలు పడిన అక్షరాల మీద వేలు నడిపింది. చివరి అక్షరం దగ్గర వేలు ఆగింది.

“‘ఏమీ లేదు’ అని కొట్టు.”

“ఏంది?”

“‘ఆకాశంలో ఈమె పేరున ఏమీ లేదు.’ కొట్టు.”

మేస్త్రి నా వంక చూశాడు, ఇది కూడా నా పనేనేమో అని. “అక్కా, సమాధి మీద ఎవలన్న గట్ల రాపిస్తరా?”

“మా చెల్లె అయితే రాపిస్తుండె” అంది అక్క. “కింద జాగ ఉన్నదా?”

“ఒక్క వరస పడుతది.”

“‘ఎక్కడ చెప్పిందో అక్కడే దిద్దుకుంది’ అని కొట్టు. పుస్తకం భాషల కొట్టు, మంచిగుంటది.” తర్వాత నావైపు తిరిగింది. “నువ్వు యాడ చెప్పినవు?”

“మీ ఇంట్ల.”

“మా ఇంట్ల చెప్పినవు, మా ఇల్లు మొత్తం ఊరికి చెప్పింది. పిల్లలు బడిల చెప్తున్నరు. ఆదివారం సాక్ష్యం ఉంటది. లేవాలె.”

ఆదివారం పొద్దున చర్చి వెనక రాయి నిలబెట్టారు. గుడ్డ తీయగానే గుంపులో ఒక అలజడి లేచింది. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పారు. చిన్నాయన ముందుకొచ్చి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. ‘ఏమీ లేదు’ దగ్గర పెదవి విరిచాడు. కింది వరస చదివి ఆ పెదవి మూశాడు. ఇద్దరు ముగ్గురు నన్ను చూసి నవ్వారు, అన్న ఏదో మజాక్ చేశాడన్నట్టు.

లోపల పాటలయ్యాయి. సాక్ష్యాలు మొదలయ్యాయి. అక్క ముందు వరసలో కూర్చుంది, వెనక్కి తిరగలేదు. బస్సు నిండా జనం ఉన్నా కథ చెప్పగలిగే నేను, ఇద్దరి సాక్ష్యాలు అయ్యాక గానీ లేవలేదు. ఆ రోజు ఆమె గొడుగు ఎందుకు వదల్లేదో అప్పుడు తెలిసింది. నా చేతిలో పట్టుకోవడానికి ఏమీ లేదు. ముందు బల్ల అంచు పట్టుకున్నాను.

“నేను చెల్లె గురించి చెప్పింది తప్పు” అన్నాను.

“స్తోత్రం” అన్నారు.

మిగతాది చెప్పాను. గెలాక్సీకి పేరు లేదన్నాను, నేను చూపించింది శుక్రుడన్నాను, అక్కను మోసం చేశానన్నాను. ఒక కుర్రాడు మొహం వెలిగించుకుని వింటున్నాడు, నేను చివరికి ఏ మలుపు తిప్పుతానో అని. మలుపు రాకపోయేసరికి వాడి మొహం మెల్లగా ఆరిపోయింది. ఏడుపు ఆపుకుంటూ, ఈ సంగతి బయటపడ్డాక రెండు రాత్రులు నాకు కంటి మీద కునుకు లేదని చెప్పి కూర్చున్నాను. పాస్టర్ గారు పాట ఎత్తుకున్నారు.

బయట చింతచెట్టు కింద అక్క నా కోసం ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భుజం మీద చెయ్యి వేస్తుందనుకున్నాను.

“ఇప్పుడు చెప్పినదాంట్ల ఇటూ అటూ ఎంత?” అంది.

రాయి అక్కడినుంచి కనిపిస్తూనే ఉంది. నేను నేల చూపులు చూశాను.

“రెండు రాత్రులు నిద్రపోలేదన్నది ఒక్కటేనక్కా. మంచిగనే పండుకున్న.”

“వచ్చే ఆదివారం అది గూడ చెప్పు” అంది.